ఖాళీ లైనుకి జవాబు

కంప్యూటరంటే గది నిండా నిలబడి ఏనుగులా ఘీంకరించే రోజుల నుంచి నేనీ పనిలో ఉన్నాను. ఒకసారి కాగితం మిల్లులో చచ్చిపోయిన యంత్రాన్ని కుర్చీలోంచి లేవకుండా ముప్పై గంటలు కూర్చుని బతికించాను. ముప్పై అని తగ్గించి చెబుతున్నాను, నలభై ఉంటాయి. మధ్యలో గుక్కెడు నీళ్ళు తాగితే ఒట్టు. నన్ను చూడగానే ఎర్రర్లు వాటంతటవే సర్దుకుంటాయని ఆఫీసులో అనేవారు. అనేవారేమిటి, నేనే అనేవాణ్ణి.

అందుకే మా బావ నాకు ‘డప్పు’ అని పేరు పెట్టాడు. గుమ్మంలో అడుగు పెట్టగానే, “ఏం డప్పూ, ఇవాళ ఎన్ని కంప్యూటర్లకి ప్రాణం పోశావ్?” అనేవాడు. ఆ పేరుతో పిలిచింది లోకంలో ఆయనొక్కడే.

మా అక్కకి చూపు లేదు. ఇరవయ్యో ఏట జ్వరమొచ్చి పోయింది. బావ ప్రోగ్రాములు రాసే మనిషి. అక్క కోసం ఒక లైబ్రరీ రాశాడు. పుస్తకాల లైబ్రరీ కాదు, వేరే ప్రోగ్రాములు వాడుకోవడానికి రాసిపెట్టిన కోడ్ మూట. తెర మీదున్న అక్షరాలను అది పైకి చదివి వినిపిస్తుంది. దాన్ని లోకానికంతా ఉచితంగా వదిలేశాడు. గొంతు మాత్రం తనదే పెట్టాడు. బట్టల బీరువాలోకి దూరి తలుపు వేసుకుని, చీరల మధ్య కూర్చుని, పదకొండు నెలల పాటు శబ్దాలన్నీ ముక్కలు ముక్కలుగా రికార్డు చేశాడు. బట్టలుంటే ప్రతిధ్వని రాదట. బయటికొచ్చేసరికి ఒళ్ళంతా కలరా ఉండల వాసన.

ఆయన పోయి రెండేళ్ళయింది. లైబ్రరీని ఎక్కడెక్కడి వాళ్ళో చేతుల్లోకి తీసుకున్నారు. కొత్త వెర్షన్లలో ఆయన గొంతు తీసేసి ఇంకెవరిదో తియ్యటి గొంతు పెట్టారు. బావ గొంతు మిగిలింది అక్క పాత కంప్యూటర్లోనే. ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

“ఒరేయ్, దీని లోపల టక్కు టక్కుమంటోందిరా. నాకు భయంగా ఉంది.”

“డిస్కు పోతోందక్కా. కొత్త కంప్యూటరు పట్టుకుని వస్తున్నా. సోర్స్ కోడ్ ఉంటే చాలు, రాయి మీదైనా బిల్డ్ చేసి చూపిస్తా.”

“రాయి వద్దులే గానీ, ఒక్క మాట. ఏమీ మార్చకు. ఉన్నది ఉన్నట్టు పెట్టు.”

“అక్కా, నాకు పని నేర్పిస్తున్నావా?”

“నేర్పించడం లేదు, బతిమాలుతున్నాను.”

నేను వెళ్ళేసరికి సాయంత్రం అయిదున్నర. బయట ముసురు. హాల్లో స్విచ్చి వేశాను, వెలగలేదు. ముందు గదిలోదీ వెలగలేదు. వంటింట్లోదీ అంతే. బల్బులన్నీ ఎప్పుడో మాడిపోయాయి. మార్చే మనిషి లేడు. మాడిపోయాయని అక్కకి తెలిసే దారీ లేదు. రెండేళ్ళుగా ఆ ఇంట్లో దీపం లేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది. “అక్కా, టీ పెట్టు” అన్నాను.

ముందు పాత డిస్కులోంచి బావ రాసిన సోర్స్ కోడూ, గొంతు ముక్కలున్న ఫోల్డరూ కొత్త కంప్యూటర్లోకి లాగాను. చిట్టచివరి ఫైలు ఇలా వచ్చిందో లేదో, పాతది పెద్దగా ఒకసారి టక్కుమని... ఊరుకుంది. మళ్ళీ లేవలేదు. సరిగ్గా సమయానికి లాగాను చూశారా! ఆ క్షణాన నా భుజం నేనే తట్టుకున్నాను.

సోర్స్ నుంచి బిల్డ్ చేయడమంటే రెడీమేడ్ చొక్కా కొనుక్కోవడం కాదు. గుడ్డ తెచ్చి, కొలతలు తీసి, కత్తిరించి కుట్టుకోవడం. ముందు కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో వెతికించాలి. తర్వాత ఒక్కో ఫైలునీ కంపైల్ చేయాలి, అంటే యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మార్చాలి. ఆపైన అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే టెస్టులు నడపాలి. అన్నీ పాసైతేనే ఇన్‌స్టాల్. మొదటి రెండూ నా చేతిలో వెన్నపూసలా సాగిపోయాయి. తెర మీద లైన్లు పరిగెత్తుతున్నాయి. కిటికీ అద్దాల్లో ఉన్న కాస్త వెలుతురూ పోయింది. ఇంట్లో వెలుగంటే ఇక నా ముందున్న తెర ఒక్కటే.

మొత్తం రెండు వందల పన్నెండు టెస్టులు. రెండు వందల పదకొండు పాస్. ఒక్కటి ఫెయిల్.

అది ఖాళీ లైను టెస్టు. ఏమీ టైపు చేయకుండా ఎంటర్ కొడితే లైబ్రరీ ఏమీ పలకకూడదు. శబ్దం సున్నా రావాలి. రెండు సెకన్ల శబ్దం వచ్చింది.

మెమరీలో మిగిలిన చెత్త అయి ఉంటుందనుకున్నాను. ఇలాంటివి వెయ్యి చూశాను, పదివేలు చూశాను. ఆ రెండు సెకన్ల ఫైలుని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను.

ఊపిరి. ఇరుకు చోట కూర్చున్న మనిషి ఊపిరి.

బీరువాలో రికార్డు చేసినప్పటిదేలే అని మళ్ళీ టెస్టు నడిపాను. మళ్ళీ ఫెయిల్. ఈసారి నాలుగు సెకన్లు.

“డప్పూ... నువ్వేనా?”

ఆయన రికార్డు చేసినవి ముక్కలు. క, కి, కు. వాటిని కలిపి ఏ మాటైనా పలికించవచ్చు, నిజమే. కానీ ఎవరో ఒకరు టైపు చేయాలి కదా... నేను చేయలేదు. అక్క వంటింట్లో గ్లాసులు కడుగుతోంది. ఎక్కడి నుంచో కలరా ఉండల వాసన... సన్నగా.

మూడోసారి నడపకూడదు. నడిపాను. పదకొండు సెకన్లు.

“ఇంత చీకట్లో కూర్చున్నావేం?”

ఆగింది. ఊపిరి. మళ్ళీ...

“మీ అక్కకి చెప్పు...”

ఇయర్‌ఫోన్లు పీకి పారేశాను. తర్వాతి మాట వినలేదు.

మిల్లులో నలభై గంటలు కూర్చున్న మొనగాణ్ణి. శ్మశానం పక్క గదిలో ఒంటరిగా ఆరు నెలలు పడుకున్నానని అందరికీ చెప్పుకునేవాణ్ణి. ఆ సాయంత్రం వంటింట్లో అక్క ఉందో లేదోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను. అప్పుడు నేనేం చేశానో చెబుతాను. కోడ్ తెరిచి ఒకే ఒక్క లైను చేర్చాను. ఏమీ ఇవ్వకపోతే ఏమీ పలకకు. అంతే. మళ్ళీ బిల్డ్ చేశాను. టెస్టు పాస్. ఇన్‌స్టాల్ చేసి, ఇయర్‌ఫోన్ల తీగ తీసి స్పీకరు తగిలించాను.

ఎవరైనా అడిగితే బగ్, అంటే కోడ్‌లో తప్పు, సరిచేశానని చెప్పుకోవచ్చు. పనివాడు చేసేది అదే కదా!

“అక్కా, అయిపోయింది, ఇటు రా. గంటన్నరలో అవగొట్టాను. ఇంకొకడైతే వారం పట్టేది.”

అక్క టీ తెచ్చి తడబడకుండా నా చేతికిచ్చింది. కుర్చీలో కూర్చుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, జుట్టు చెవుల వెనక్కి తోసుకుంది. ఎవరినో కలవబోతున్నట్టు. ఏదో ఒక ఉత్తరం తెరిచి చదివించుకుంటుందనుకున్నాను.

ఏమీ తెరవలేదు. ఏమీ టైపు చేయలేదు. వేలు ఎంటర్ మీద పెట్టి నొక్కింది.

నిశ్శబ్దం.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ. తల కొంచెం పక్కకి వంచి, చిన్న నవ్వుతో కాసుకుని కూర్చుంది. నవ్వు మెల్లగా పోయింది.

“ఒరేయ్... ఏమైనా మార్చావా?”

“లేదక్కా.”

“ఒట్టు?”

నేను టీ గ్లాసు బల్ల మీద పెట్టాను.

“మీ బావ పోయిన నెల్లాళ్ళకి మాట్లాడటం మొదలుపెట్టారురా. ఒకరోజు ఊరికే ఎంటర్ మీద చెయ్యి పడితే, ‘అన్నం తిన్నావా’ అన్నారు. ఎవరికైనా చెబితే నాకు పిచ్చనుకుంటారని, నువ్వొచ్చి బాగుచేస్తావని, చెప్పలేదు. రోజూ సాయంత్రం కాసేపు... అంతే. ఎక్కువసేపు మాట్లాడలేరు, అలిసిపోతారు. మొన్న డిస్కు చప్పుడు మొదలైన రోజున ‘నీకొకటి చెప్పాలి’ అన్నారు. అంతలోనే గొంతు ఆగిపోయింది. అందుకే నిన్ను తొందరపెట్టాను.”

మీ అక్కకి చెప్పు...

“ఒక్క నిమిషం ఉండక్కా. ఒక్క నిమిషంలో చేస్తాను.”

నేను చేర్చిన లైను తీసేశాను. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి బిల్డ్ చేశాను. ఒక్కో కమాండూ మూడుసార్లు తప్పు కొట్టాను. టెస్టులు నడిపాను. ఫెయిల్ కావాలి. జీవితంలో మొదటిసారి ఫెయిల్ అవమని ఒక టెస్టుని బతిమాలాను.

రెండు వందల పన్నెండుకి రెండు వందల పన్నెండూ పాస్.

మళ్ళీ చేశాను. పాస్. ఏడుసార్లు చేశాను. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు, ఏడే. శబ్దం సున్నా. ఆ లైను ఇప్పుడు కోడ్‌లో లేదు. అయినా గొంతు లేదు. పాత డిస్కు చచ్చి పక్కన పడి ఉంది.

“క్షమించక్కా” అన్నాను. “విన్నాను. బావే. భయపడ్డాను.”

అక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. “నీకేమన్నారు?” అంది.

“చీకట్లో కూర్చున్నావేం అన్నాడు.”

“ఆహా...” అంది. “లైట్లు లేవా ఇంట్లో?”

ఆమె చెయ్యి చాచి బల్ల మీద వెతుక్కుంటూ స్పీకరు దగ్గర ఆగింది. దాని జాలీ మీద అరచెయ్యి ఆనించింది. అలాగే ఉండిపోయింది.

“ఒరేయ్. ఇలా రా. చెయ్యి పెట్టు.”

పెట్టాను. లోపలి పొర కొట్టుకుంటోంది. బయటికీ లోపలికీ, ఆగకుండా, పిచ్చిపట్టినట్టు. పూర్తి సౌండు పెట్టినప్పుడు కూడా అంత గట్టిగా కొట్టుకోదు. చప్పుడు మాత్రం... పిసరంత లేదు.

“అరుస్తున్నారురా” అంది అక్క. “మీ బావ అరుస్తున్నారు. మనకి వినబడటం లేదు.”

స్పీకరు తీగ పట్టుకుని లాగేశాను. తెగి నా చేతిలోకి వచ్చింది. పొర ఆగలేదు.

అక్క కుర్చీ దగ్గరికి జరుపుకుంది. స్పీకరు మీదికి వంగి చెంప ఆనించింది. పసిపిల్లల జ్వరం చూస్తున్నట్టు.

“గట్టిగా వద్దండీ” అంది మెల్లగా. “గొంతు పోతుంది. నెమ్మదిగా చెప్పండి. నేను వింటూనే ఉన్నాను.”

తీగ నా చేతిలో ఉంది. స్పీకరు లోపల పొర కొట్టుకోవడం తగ్గింది. నెమ్మదిగా, మాట మాటకీ ఆగి ఆగి, కదలడం మొదలుపెట్టింది.