చీకటి హక్కు

సామర్లకోటలో రాత్రి అనేది ముసలివాళ్ల మాటల్లోనే మిగిలింది. పంటలు త్వరగా ఎదగాలని ఆకాశంలో సూర్యదర్పణాలు నిలబెట్టి నలభై ఏళ్లయింది. పొద్దు కుంకాక కూడా అవి ఎండను కిందికి మళ్లిస్తూనే ఉంటాయి. వడ్లు విరగపండుతున్నాయి, కాదనలేం. చుక్కలు మాత్రం పోయాయి.

పోయినవాటిని చూపించడానికి తారాదర్శిని వచ్చింది. పైకి మామూలు కళ్లజోడే. అందులోని ఫోటాన్ జల్లెడ దర్పణాల వెలుగును ఏరి పారేసి, నక్షత్రాల కాంతికణాలను మాత్రమే కంటికి అందిస్తుందని ప్రతీతి. లోపలి యంత్రం మర్యాదగా మాట్లాడుతుంది కూడా.

పదకొండో తరగతిలో ఖగోళ పరిచయాన్ని ఐచ్ఛికంగా తీసుకున్నవాళ్లు ముగ్గురే. తక్కినవాళ్లు మార్కులు రాలే సబ్జెక్టుల వైపు పోయారు. కుందన మాత్రం అమ్మ మాట కూడా వినకుండా ఇందులో చేరింది. నిజమైన చుక్కను ఒక్కదాన్ని చూడాలి, అంతే. ఆ కోరిక తనను ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. పట్టుకుంది, వదలడం లేదు.

ఆ సాయంత్రం బడి మేడ మీద సప్తర్షుల పాఠం. కుందన వశిష్ఠుణ్నీ, పక్కనే కంటికి ఆనీ ఆననట్టున్న అరుంధతినీ కళ్లారా చూసి పులకరించిపోయింది. ఇంతలో నుదుటి చెమట తుడుచుకోబోతే చెయ్యి కళ్లజోడుకు అడ్డం వచ్చింది. అరుంధతి ఆమె అరచేతి మీద కూడా మెరుస్తూనే ఉంది.

"మాస్టారూ, ఒకసారి ఇలా వస్తారా?" అంది.

ఎఫ్రాయిము మాస్టారు తన కళ్లజోడుకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు. "ఏంటిది?" అని యంత్రాన్ని నిలదీశారు.

"నా జల్లెడకు అంత శక్తి లేదండీ," అంది యంత్రం తాపీగా. "నన్ను మొదట పరీక్షించింది పెళ్లిళ్లలో. పంతులుగారు పట్టపగలు జంటను బయటికి తీసుకొచ్చి అరుంధతి కనిపించిందా అని అడిగేవారు. నాకేమీ అందేది కాదు. పెళ్లికూతుళ్లంతా మాత్రం కనిపించిందనే అనేవారు. ఒక్కరూ లేదనలేదు. చూడటమంటే అదేనని నేర్చుకున్నానండి. అందుకే చుక్కలు నేనే గీసి చూపిస్తున్నాను."

"గుంపులో గోవిందా అనడం దీనికీ వచ్చేసింది," అన్నారు మాస్టారు. తర్వాత గొంతు తగ్గించారు. "విను కుందనా. చీకటి హక్కని ఒకటుంది. ఖగోళం చదివే పిల్లలకే ఇచ్చారు. తారాదర్శినిలో చుక్కలు కనబడలేదని ఒక్కరు చెప్పి, గంటసేపు ఆ మాట మీద నిలబడితే చాలు, రేపు మనూరి మీద దర్పణాలన్నీ పక్కకు తిప్పాలి. ఆ గంటా ఈ హక్కు సంగతి ఇంకెవరికీ చెప్పకూడదు. ఇన్నేళ్లలో ఒక్కళ్లూ అడగలేదమ్మా."

"నేనడుగుతానండి. నాకు చుక్కలు కనబడలేదు."

"రాసుకున్నానండి," అంది యంత్రం. వెంటనే కళ్లజోడులో చుక్కలన్నీ ఆరిపోయాయి.

మిగిలింది తెల్లటి ఆకాశం, విరిగిన పాలలా. ఇందాకటివి దొంగచుక్కలని తెలిసినా కుందనకు ఏడుపొచ్చింది. రేపు నిజమైనవి వస్తాయని తనకు తాను చెప్పుకుంది. ఆ పిల్లకు అంత పొడుగు గంట ఎప్పుడూ ఎదురు కాలేదు.

గంట ఇంకా గడవకముందే, ఖగోళం తీసుకున్న ముగ్గురిలో ఒకతె అయిన జరీనా మేడ అవతలి కొస నుంచి పరుగెత్తుకొచ్చింది. పాపం, ఆ పిల్ల నెల రోజులుగా వెతుకుతున్నా అరుంధతిని పట్టుకోలేకపోతోంది.

"ఒసే, దొరికిందే," అంది ఆయాసపడుతూ. "నీకే ముందు చూపిద్దామని వచ్చా. నా వేలెంట చూడు. ఆ పెద్దదాని పక్కనే, చిన్నది. కనిపించిందా?"

చెంపకు చెంప ఆనించి వేలు చాచింది. ఆ వేలి కొసన తెలుపు తప్ప ఏమీ లేదు. లేదని చెప్పడానికి కుందన నోరు తెరిచింది. జరీనా కళ్లు తడిగా మెరుస్తున్నాయి.

"ఆఁ," అంది కుందన. "కనిపించింది."

ఆమె కళ్లజోడులో ముందు అరుంధతి వెలిగింది, వెనకే తక్కినవన్నీ. కనబడలేదని మళ్లీ మాట మార్చుకుని గంటను మొదటినుంచి మొదలుపెట్టొచ్చు. కళ్లజోడు తీసేద్దామని కుందన చెయ్యెత్తింది.

చుక్కలు ఎంతో బాగున్నాయి. చెయ్యి దించేసింది.