పద్నాలుగు, డూప్

మొన్న బుధవారం మధ్యాహ్నం ఫిల్మ్‌నగర్‌లో ఓ షూటింగ్ ఫ్లోర్‌కి వెళ్లాను. నా పేరు వర్ణిక. ఫైటర్లను తాళ్లకి కట్టి గాల్లోకి లేపే మోటార్లుంటాయి కదా, వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ రాసే కంపెనీలో పనిచేస్తాను. ఆఫీసు శ్రీనగర్ కాలనీలో. ఆ మోటార్లు కంప్యూటర్ చెప్పినట్టు వింటాయి. కంప్యూటర్ మొన్నమొన్నటిదాకా రవిచంద్ర చెప్పినట్టు వినేది. మా ఖర్మ అక్కడే ఉంది.

రవిచంద్ర గురించి మర్యాదగా రాద్దామని చూశాను, నా వల్ల కాలేదు. ఎనిమిదేళ్ల అనుభవమట. చేసిందల్లా పక్కవాడి కోడ్ ఎత్తి తన ఫైల్లో అతికించుకోవడం. పోయిన వారం ఎక్కువ జీతానికి ఇంకో కంపెనీకి వెళ్లిపోయాడు. వాడు చేసిన కంపు కడగడానికి నన్ను పంపారు.

విషయం చాలా చిన్నది. ప్రతి నడుము బెల్టుకీ ఒక నంబరు ఉంటుంది. ఏ నంబరు ఎవరిదో ఒక్కచోట రాసిపెట్టాలి. మోటార్‌కి కావాలన్నా, తప్పులు వెతకడానికి మేం చూసుకునే డీబగ్ స్క్రీన్‌కి కావాలన్నా అక్కడే అడగాలి. చిన్నపిల్లకి చెప్పినా అర్థమవుతుంది. ఈ మహానుభావుడు మాత్రం మోటార్‌లో ఒక జాబితా, స్క్రీన్‌లో ఇంకో జాబితా పెట్టాడు. ఒకదాన్ని మారిస్తే రెండోది పాతదే పట్టుకుని కూర్చుంటుంది.

ఫ్లోర్‌కి కిటికీలు లేవు. బయట మూడు గంటల ఎండ మండిపోతుంటే లోపల ఏసీ చలి, కొత్త ప్లైవుడ్ వాసన, పొద్దున దిష్టి తీసి కొట్టిన గుమ్మడికాయ మీది కర్పూరం వాసన. పైన దూలాల దగ్గర ఎక్కడో తాడు కప్పీ మీద కిర్రుమంటోంది. నేను స్క్రీన్ ముందు కూర్చున్నాను. పద్నాలుగో నంబరు పక్కన ఆంజనేయులు అని ఉంది. దాని పక్కన ఎర్రగా మూడు ఇంగ్లీషు అక్షరాలు. డి, యు, పి.

"ఈ ఎర్ర అక్షరాలు ఎన్నాళ్లనుంచి వస్తున్నాయి మాస్టర్‌గారూ?"

రోప్ మాస్టర్ కాశీవిశ్వనాథంగారు కళ్లజోడు సర్దుకుని చూశారు. "పది రోజులైందమ్మా. డూప్ అనేగా? ఆ బెల్టు కట్టుకునే మా స్ఫూర్తి హీరోయిన్‌కి డూపే కదమ్మా. కరెక్టుగానే చూపిస్తోంది."

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. డూప్లికేట్ అని దాని అర్థం. ఒకే నంబరు మీద ఇద్దరున్నారని మిషన్ పది రోజులుగా మొత్తుకుంటోంది. వీళ్లేమో అది ఆ పిల్ల చేసే పని పేరనుకుని నిశ్చింతగా టీలు తాగుతున్నారు.

"మరి ఈ ఆంజనేయులెవరు?"

ఆయన గొంతు తగ్గించారు. "పోయాడమ్మా. రెండు నెలలైంది. ఇక్కడే, ఆ బెల్టుతోనే పడ్డాడు. ఏడాది తిరిగేదాకా పేరు కొట్టెయ్యకూడదు, అది మా రోప్ వాళ్ల ఆనవాయితీ. రవిచంద్రగారికి చెబితే సరే, స్క్రీన్ మీద ఉంచుదామన్నారు."

"పేరుంచి బెల్టు మాత్రం వేరేవాళ్లకిచ్చేశారా?"

"కొత్త బెల్టు ఇంకా రాలేదమ్మా..."

ఎంత భక్తో చూడండి. చచ్చిపోయినవాడి పేరు చెరపడానికి చేతులు రావు. వాడు పడ్డ బెల్టు మాత్రం ఓ బతికున్న పిల్ల నడుముకి బిగించడానికి వస్తాయి. వాళ్లమీద నాకు ఒట్టి అసహ్యం కలిగింది.

ఆ పిల్లే స్ఫూర్తి. యూసుఫ్‌గూడలో ఉంటుంది. ఇరవై రెండేళ్లుంటాయేమో. పరుగెత్తుకుంటూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

"అక్కా, జర జల్దీ చూడరాదు. ఇయ్యాల మాస్టర్ ఓకే అంటే నాకు ఫైటర్ల యూనియన్ కార్డొస్తది. మూడేండ్లాయె తిరగవట్టి."

"నువ్వు ఎక్కు. నేను చూస్తూనే ఉంటాను" అన్నాను.

షాట్ చీకట్లో ఉందట, అందుకని రిహార్సల్‌కి కూడా లైట్లన్నీ ఆర్పేశారు. మోటార్ గుర్రుమంది. స్ఫూర్తి నలభై అడుగుల ఎత్తుకి వెళ్లి ఆగింది. కింద నా స్క్రీన్ వెలుగు తప్ప ఇంకేం లేదు.

రెండు జాబితాలూ పక్కపక్కన తెరిచాను. మోటార్ జాబితాలో పద్నాలుగు, స్ఫూర్తి, యాభై రెండు కిలోలు. స్క్రీన్ జాబితాలో పద్నాలుగు, ఆంజనేయులు, డెబ్భై ఒకటి. పాత అంకె అలాగే మిగిలిపోయిందనుకున్నాను. కానీ రాసిపెట్టిన అంకె కదలకూడదు. ఇది కదులుతోంది. డెబ్భై ఒకటి... డెబ్భై ఒకటిన్నర... మళ్లీ డెబ్భై ఒకటి. తాడుకి వేలాడే మనిషి అటూ ఇటూ ఊగితే కదిలినట్టు.

ఎక్కణ్నుంచో ఫైటర్లు నొప్పులకి రాసుకునే బామ్ వాసన వచ్చింది. నా పక్కన ఎవరూ లేరు.

వాకీటాకీ గరగరలాడింది. స్ఫూర్తి గుసగుస. "అక్కా... పైకి ఎవలన్నా ఎక్కిన్రా?"

"ఎవరూ ఎక్కలేదు. కదలకుండా ఉండు."

"నా ఎనక... ఊపిరి ఇనవడ్తుంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒకడు గుడ్డి కోడ్ రాశాడు, ఒకాయన ఆనవాయితీ అంటాడు, ఇప్పుడు ఈ పిల్లకి ఊపిర్లు వినపడుతున్నాయి. స్క్రీన్ పని చూపించడమే. అది దేన్నీ మోయదు. అందులోంచి ఒక పేరు తీసేస్తే ఎవరికేం పోతుంది? అలా అనుకుని, ఇంకోసారి చూసుకోకుండా, స్క్రీన్ జాబితా మొత్తం కొట్టేశాను.

పైన టక్కుమంది.

అప్పుడు అర్థమైంది. ఆ దౌర్భాగ్యుడు రవిచంద్ర మోటార్ బ్రేకుని కూడా స్క్రీన్ జాబితాకే కట్టాడు. బ్రేకు ఎంత పట్టాలో అక్కడున్న పేరుని బట్టే తెలుసుకుంటుంది. పేరు లేదు... బ్రేకు లేదు...

తాడు సర్రున జారింది.

చెవులు మూసుకున్నాను. మూసుకున్నా వినపడుతుంది కదా, ఆ చప్పుడు... దానికోసం ఎదురుచూశాను. ఒకటి. రెండు. మూడు.

చప్పుడు రాలేదు.

"లైట్లు!" మాస్టర్‌గారి కేక. లైట్లు వెలిగాయి.

తాడు నేలమీద చుట్టలుచుట్టలుగా పడి ఉంది. మొత్తం వదులుగా. స్ఫూర్తి మాత్రం నేలకి నా గుండెల ఎత్తున, గాల్లో, బోర్లా ఉంది. చేతులు కిందికి వేలాడుతున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమెకీ ఆ తాడుకీ మధ్య ఎక్కడా బిగువు లేదు.

మాస్టర్‌గారు రెండు చేతులూ జోడించి నిలబడిపోయారు. ఒక్కరూ దగ్గరికి వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. స్ఫూర్తి మెల్లగా, నిద్రపోయిన పాపని మంచం మీద దించినట్టు, కింద పరిచిన పరుపు మీదికి దిగింది.

స్క్రీన్ వైపు చూశాను. నేను కోరుకున్నట్టే పద్నాలుగో నంబరుకి ఒకే ఒక్క వరస ఉంది. స్ఫూర్తి. ఎర్ర అక్షరాలు పోయాయి. బరువు నూట ఇరవై మూడు. యాభై రెండుకి డెబ్భై ఒకటి కలిపి చూశాను. వేళ్ల మీద లెక్కపెట్టి మళ్లీ కలిపాను.

వాళ్లందరినీ తిట్టుకున్న నోటితోనే ఇప్పుడు నన్ను నేను తిట్టుకున్నాను. వాళ్లది తెలియనితనం. నాది పొగరు. పిల్ల పైనుంచి చెబుతూనే ఉంది.

"కార్డు నేనిప్పిస్తానే తల్లీ, కార్డు నేనిప్పిస్తా" అంటూ మాస్టర్‌గారు ఏడుస్తున్నారు. స్ఫూర్తి లేచి నిలబడింది గానీ ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. పరుగున వెళ్లి బెల్టు బకిల్స్ నేనే విప్పాను. రెండుసార్లు పట్టు జారింది. మూడోసారి ఊడొచ్చింది.

ఆమె నా వైపు తల తిప్పలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

"అక్కా... బెల్టు తీసినవా?"

"తీసేశాను. ఇదిగో, నా చేతిలోనే ఉంది."

"మరి ఇడ్వమని చెప్పు."

అప్పుడు చూశాను. ఆమె టీషర్టు నడుముకి రెండు పక్కలా లోపలికి నొక్కుకుని ఉంది. ఒక్కో పక్క నాలుగేసి గుంటలు, వేళ్లంత వెడల్పున. ఆమె ఊపిరి వదిలినప్పుడల్లా అవి ఇంకాస్త లోపలికి దిగుతున్నాయి.