ముసలమ్మ వెనక కదిలే మనిషి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా బావ. మ్యూజియంలో గుడ్డ మీద గీసిన పాత బొమ్మల వెనక కొత్త గుడ్డ అంటించే పని ఆయనది. అబద్ధమాడితే అన్నం అరగదు ఆయనకి. నా నిచ్చెన పట్టుకెళ్లి ఇంతవరకూ తిరిగివ్వలేదు, అది వేరే మాట.

ఆ మ్యూజియం కింది అంతస్తులో ఎక్స్‌రే గదికి చెడ్డపేరు. కిటికీ లేదు... పట్టపగలే అర్ధరాత్రి. ముసలమ్మ బొమ్మకి ఎక్స్‌రే తీసినప్పుడల్లా ఆవిడ వెనక ఇంకెవరో కదులుతారట. ఊడ్చేవాళ్లు కూడా గుమ్మం దాకానే ఊడ్చేవారు.

"నువ్వు గుడ్డ అంటించాకే పట్టింది ఈ పీడ," అన్నాడు డైరెక్టరు. "ఇది తేలకపోతే నీకు ఉద్యోగం లేదు."

కంప్యూటరుతో గుడ్డ పోగులు లెక్కగట్టే అమ్మాయిని పిలిపించారు. ఆవిడ వెనకే బావా లోపలికెళ్లాడు. లైటు ఆరింది.

తెర మీద ముసలమ్మ... ఆవిడ భుజం వెనక నల్లగా, అలలు అలలుగా— అమ్మాయి ఆ బొమ్మని పెద్దది చేసింది. అది ముందుకొచ్చింది.

"అమ్మాయీ... నా మీదికే వస్తోంది."

"అరవకండి బాబాయ్. అది మీ పనే."

"నేనేం చేశాను!"

"పాత గుడ్డ పోగుల మీద మీ కొత్త గుడ్డ పోగులు పడ్డాయి. దోమతెర రెండు మడతలేసి చూడండి, నీళ్లలా కదలదూ? అంతే."

బావకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

అమ్మాయి రెండు గుడ్డల లెక్కా విడదీసింది. పోగుల ఎడం ఒక్కో తానుకి ఒక్కో తీరట, వేలిముద్రలా. అంతకుముందు కట్టిన బొమ్మల లెక్కలతో పోల్చమని కంప్యూటరుకి చెప్పింది. అది కూసింది.

"బాబాయ్... మీ కొత్త గుడ్డ తానులోదే పైహాల్లో బొమ్మ కూడా."

పైహాల్లోది మూడొందల ఏళ్లనాటిదని డైరెక్టరు తెచ్చి సన్మానం చేయించుకున్న బొమ్మ. అమ్మాయి రాగానే ముచ్చటపడి ముందు దాని పోగుల లెక్కే కట్టించాడు.

"ఈ తాను నిరుడు కొన్నాం," అన్నాడు బావ. "మిగిలిన సగం... కర్టెన్లకని డైరెక్టరే ఇంటికి పట్టుకెళ్లాడు."

వెనక తలుపు కిర్రుమంది.

గుమ్మంలో డైరెక్టరు. తెర వెలుగులో మొహాన నెత్తురుచుక్క లేదు.

"ఏం కనబడింది?"

బావ అమ్మాయి వైపు చూశాడు.

"దెయ్యమేగా," అన్నాడు మెల్లగా. "నాకు ముందే తెలుసు."

తెల్లారేసరికి ఆ గదికి తాళం. అమ్మాయి పని అయిపోయిందన్నారు. దెయ్యాన్ని తెచ్చాడని బావ ఉద్యోగం పీకేశారు. పైహాల్లో మాత్రం జనం బారులు తీరారు, దణ్ణాలొక్కటే తక్కువ.

చదువొచ్చినవాళ్లు ఎవరైనా ఓ చీటీ రాసి ఆ బొమ్మ కింద అంటించండి: 'నిరుడు నేసిన గుడ్డ' అని. మా బావ మీదా, ఏ పాపం ఎరగని ఆ దెయ్యం మీదా నింద పోవాలి. ఎత్తు అందకపోతే నిచ్చెన మా బావింట్లో ఉంది. అది నాది.