చూస్తున్నవారు ఒక్కరు

"ఈరోజు బెల్లం సరిపోయిందా అండీ?"

శనివారం హారతి అయ్యాక లైవ్ కింద ఆ కామెంటు చూసి నాగమల్లేశ్వరి చేతిలో గంట అలాగే ఉండిపోయింది.

బెల్లం సంగతి ఆమె రాముడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. కిందటి శనివారం లైవ్ ఆపడం మరిచిపోయి, మందిరం కడుగుతూ ఎప్పటిలాగే స్వామితో మాట్లాడింది. "బెల్లం సరిపోయిందో లేదోనని నీకు పెట్టకముందే పరవాన్నం నోట్లో వేసుకున్నాను స్వామీ. తప్పే. రుచి చూసి చెప్పే మనిషి లేకపోతే ఏం చెయ్యను? నాన్న సముద్రం మీద చేపల వేటకెళ్తే ఇంట్లో గొంతు విప్పే పనే ఉండదు. నువ్వేమో పలకవు."

అదంతా ఎవరో విన్నారు!

హంసలదీవి దగ్గర వాళ్ళ పల్లెలో ఆ చిన్న రామమందిరం దీపం, చీపురు రెండూ ఆమెవే. బందరుకీ హైదరాబాదుకీ పనులకెళ్ళిన ఊరివాళ్ళు చూస్తారని లైవ్ మొదలుపెట్టింది. మొదట్లో చాలామందే చూశారు. రానురాను "చూస్తున్నవారు: ఒక్కరు" అని మిగిలింది. ఆ ఒక్కరూ ఎవరో ముసలావిడ అయి ఉంటుందనుకుని మనసులో రోజూ దణ్ణం కూడా పెట్టేది.

మెసేజ్ పెట్టి నంబరు అడిగి, వెంటనే ఫోన్ చేసింది.

"ఎవరండీ మీరు?"

"వెంకటపతి అండీ. కృత్తివెన్నులో రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తాను."

"ముసలావిడ కాదన్నమాట!"

"కాదండీ," అన్నాడు అతను, అదేదో తన తప్పయినట్టు.

నవ్వు రాబోయింది. ఆపుకుంది. "దొంగచాటుగా ఎన్నాళ్ళ నుంచి వింటున్నారు?"

"దొంగచాటేంటండీ? లైవ్ పెట్టింది మీరేగా."

"హారతికి పెట్టాను, నా మాటలకి కాదు! ఎంతవరకు విన్నారో నిజం చెప్పండి."

"నోటితో చెబితే నమ్ముతారా? రికార్డుందండీ."

"నా మాటలు రికార్డు చేశారా?"

"అయ్యో, మీవి కాదు! నావి. నా చూపులు."

చెరువు గట్టు మీద మాట్లాడే మనిషి ఉండడు. రొయ్యలకు మేత వేశాక ఫోన్ పట్టుకుంటే పూట ఎటుపోయిందో తెలిసేది కాదు. తన రోజులు ఎవరు తింటున్నారో చూసుకుందామని వెంకటపతి ఒక యాప్ పెట్టుకున్నాడు. ఫోన్‌లో ఏది ఎంతసేపు చూశాడో అది గీతలు గీసి పెడుతుంది. ఆ గీతలు అతని ఫోన్ దాటి బయటికి పోవు.

"ఏదో కంపెనీవాడు అది తనకిస్తే నెలనెలా రీఛార్జి ఉచితం అన్నాడండీ. నేనెటు చూస్తే వాడికెందుకు? ఇవ్వనన్నాను."

"మరి నాకిస్తారా?"



"మీకైతే తెచ్చి చూపిస్తాను."

"ఏదీ చెరపకూడదు. రాముడి ముందు చూపించాలి."

"చూశాక కోప్పడితే?"

"కోప్పడతాను. అందుకేగా రమ్మంటున్నది."

ఆ సాయంత్రం వెంకటపతి రికార్డు తెరిచాడు. రొయ్యల ధరలది చిన్న గీత. వాతావరణానిది వేలెడంత. మందిరం గీత పొడుగ్గా ఉంది. దాని పక్కన ఇంకోటి, అంతకన్నా పొడుగ్గా. దాన్ని చూస్తే అతనికే సిగ్గేసింది. ఒక్కసారి నొక్కితే పోతుంది. తనదే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేదు. కానీ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టినంత మాత్రాన మనసు ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో స్వామికి తెలియకుండా పోతుందా? నొక్కబోయిన వేలు వెనక్కి తీసుకున్నాడు.

మరుసటి శనివారం వాన పట్టుకుంది. బందరులో ఒక బస్సు, అవనిగడ్డలో ఇంకో బస్సు, కోడూరులో ఆటో. ఫోన్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, తను నిలువునా తడిసి వచ్చాడు. ఆ రోజు మందిరంలో హారతి ఇంకా కాలేదు. వాన వల్లే ఆలస్యమని నాగమల్లేశ్వరి నాన్నతో చెప్పింది.

వేటకు వెళ్ళే వీల్లేక ఆమె నాన్న పోలయ్య మందిరం అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు.

"ఏం బాబూ, సముద్రాన్నుంచి గానీ వస్తున్నావా?"

"కృత్తివెన్ను నుంచండీ. అమ్మాయిగారికి రికార్డు చూపించాలి."

"ఏం రికార్డు? కరెంటు మీటరుదా?"

నాగమల్లేశ్వరి ఫోన్ అందుకుంది. తను మాట్లాడిన రోజు వెతికి పట్టుకుంది.

"చివరిదాకా ఉన్నారు."

"ఉన్నానండీ."

"కట్టెయ్యొచ్చుగా?"

"కట్టెయ్యొచ్చు. ఎవరో నాతోనే మాట్లాడుతున్నట్టుంటే చెయ్యి రాలేదు."

ఆమె కోపం తెచ్చుకోవాలని చూసింది. ఈలోగా పక్క గీత కనపడింది. "ఇదేంటి, ఇంత పొడుగు? లైవ్ అయ్యాక ఏం చూశారు?"

అతను తల దించుకున్నాడు. "ఏం లేదండీ. 'లైవ్ ముగిసింది' అని వస్తుంది కదా. అదే."

"అదేనా? ఇంతసేపా?"

"రోజూ అంతేనండీ."

ఆమె వెనక్కి జరుపుకుంటూ వెళ్ళింది. ఏ రోజు చూసినా మందిరం గీత, దాని పక్కన ఏమీ లేని పేజీ ముందు కూర్చున్న గీత. బొటనవేలు ఆగిపోయింది. ఫోన్ ఆపాక తనూ అంతే. స్తంభానికి ఆనుకుని, గడప మీది ఎండ జరిగిపోయేదాకా ఆ నల్లటి తెరనే చూస్తూ కూర్చుంటుంది. అది ఏ యాప్‌కీ తెలియదు.

"చెరిపేసి రావాల్సింది," అంది మెల్లగా.

"మీరే వద్దన్నారుగా."

"అంటే మాత్రం? మీది మీ ఇష్టం."

"నాదే కాబట్టి తెచ్చానండీ. ఇంకొకరిదైతే ఎలా ఇస్తాను?"

ఆమె ఫోన్ తిరిగిచ్చేసి, లోపలికెళ్ళి గరిటెతో పరవాన్నం తెచ్చింది. "రుచి చూసి చెప్పండి."

"నైవేద్యం కాకుండానా! నా వల్ల కాదు. స్వామి తిన్నాక చెబుతాను."

"అప్పుడు తక్కువైందంటే ఏం లాభం?"

"వచ్చే శనివారం ఇంకాస్త వేద్దురుగాని."

"వచ్చే శనివారం చెప్పేదెవరు?"

"నేనేనండీ."

పోలయ్య వల మీంచి తల ఎత్తలేదు. "వానాకాలం బస్సుల్ని నమ్మకు బాబూ. ముందురోజే బయల్దేరి వచ్చెయ్. అరుగుంది, అన్నముంది."

నాగమల్లేశ్వరి గబగబా తన ఫోన్ నిలబెట్టి లైవ్ పెట్టింది. పోలయ్య వచ్చి తెర వంక తొంగి చూశాడు. "సున్నా అనుందేంటే? ఎవరూ చూట్టం లేదు, ఆపెయ్యమ్మా."

"ఉండనీ నాన్నా," అంటూ కర్పూరం వెలిగించింది.

ఆ ఒక్కడూ తడి చొక్కాతో ఆమెకు ఎదురుగా చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. అతని చూపు రాముడి మీదుందో, హారతి పళ్ళెం పట్టిన చేతి మీదుందో తెలియదు. ఫోన్ జేబులో ఉంది.