డాఫ్నీకి నూటికి నూరు

వినిఫ్రెడ్ తన మామగారితో పడే బాధ లండన్‌లో మరే కోడలూ పడి ఉండదు. పెళ్ళైన కొత్తలో ఆమె భర్తకు రాసుకున్న ప్రేమలేఖను ఎర్ర పెన్సిల్‌తో దిద్ది, "రెండో పేరా బలహీనం" అని అంచున రాసి, ఆ తర్వాతే కొడుకు చేతికి ఇచ్చిన మహానుభావుడు సర్ మార్టిమర్. ఇంట్లో మామగారు, ఆఫీసులో చీఫ్. ఏజెంట్ సెవెన్టీన్‌గా తుపాకీ గుళ్ళను తప్పించుకోగలిగింది గానీ ఆ పెన్సిల్‌ను మాత్రం తప్పించుకోలేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన ఆమెను ఆఫీసులో తన గదికి పిలిపించాడు.

"రూపర్ట్ ఈ సాయంత్రం మారుపేరుతో బెర్లిన్ సరిహద్దు దాటుతున్నాడు. మన అనువాద విభాగంలో శత్రువుల మనిషి ఉన్నట్టు తెలిసింది. ఆ పేరు గనక అటు చేరిందంటే..."

రూపర్ట్ ఆయన కొడుకు, ఆమె భర్త.

"అనుమానం ఎవరి మీద?"

"సెడ్రిక్ ఆక్రాయిడ్, డాఫ్నీ లసెల్స్. ఇద్దరిలో ఒకరు ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్ళు కాదు. పొద్దున పరీక్ష పెట్టాను. వంద తప్పుడు వాక్యాలు, దిద్దమని. మన ఇంగ్లీషులో ఉన్న మెలికలన్నీ వేశాను. పరాయి మనిషైతే ఎక్కడో ఒకచోట జారాల్సిందే."

"జారిందెవరు?"

"సెడ్రిక్. ముప్పై ఒకటి తప్పాడు. కింద గదిలో మన బ్రిగ్స్ అతనితో మాట్లాడుతున్నాడు. డాఫ్నీకి నూటికి నూరు! రూపర్ట్ ఫైలు కూడా ఆమెకే అప్పగించాను. టీ తాగొస్తానని ఇప్పుడే వెళ్ళింది."

"మామగారూ, ఆ పరీక్ష నాకు పెడితే నలభై తప్పుతాను."

"ఆ సంగతి నాకు తెలుసమ్మా."

వినిఫ్రెడ్ కింద గదికి పరుగెత్తింది.

బ్రిగ్స్ మాట్లాడేది పిడికిలితో. కుర్చీకి కట్టేసిన సెడ్రిక్ చొక్కా ముందుభాగమంతా ఎర్రబడింది. ఆమె తలుపు తీసేసరికి మరో దెబ్బ పడింది. సెడ్రిక్ పన్నొకటి ఊడి నేల మీద దొర్లింది.

"సారీ అండీ," అన్నాడు సెడ్రిక్ మెల్లగా. "మీ వేళ్ళకు గానీ తగిలిందా?"

"ఫర్వాలేదులే," అన్నాడు బ్రిగ్స్ అలవాటుగా, మళ్ళీ చెయ్యెత్తుతూ.

"ఆపు! వీడు మనవాడే!" అని వినిఫ్రెడ్ అరిచేలోపే ఆ చెయ్యి దిగింది. సెడ్రిక్ తల వాలిపోయింది.

"తన్నినవాడికి సారీ చెప్పేది మన ఇంగ్లీషువాళ్ళు కాక ఇంకెవరు బ్రిగ్స్? అది ఏ పుస్తకం చదివితే వస్తుంది?"

బ్రిగ్స్ సెడ్రిక్ మెడ మీద వేళ్ళు పెట్టి చూశాడు. "కాస్త ముందు చెప్పాల్సింది మేడమ్."

వీధి మలుపులోని టీ దుకాణంలో డాఫ్నీ మరకత రంగు గౌనులో మెరిసిపోతూ కూర్చుని ఉంది. పౌడరు డబ్బా అద్దంలో పెదవులు చూసుకుంటూ, గోటితో డబ్బా వెనక టకటకా కొడుతోంది. అది పౌడరు డబ్బా కాదు, ట్రాన్స్‌మిటర్.

వంటగదిలోంచి ఏప్రనూ, టోపీ తగిలించుకుని వచ్చిన వినిఫ్రెడ్, టీ బండి చక్రాన్ని నేరుగా ఆమె పాదం మీదుగా నడిపించింది.

"కళ్ళు కనిపించడం లేదా?" అంది డాఫ్నీ, మచ్చలేని ఇంగ్లీషులో.

పక్క బల్ల దగ్గర ఏ సంబంధమూ లేని ముసలాయన మాత్రం "సారీ" అన్నాడు.

వినిఫ్రెడ్‌కు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు. రూపర్ట్ మారుపేరులో చివరి రెండక్షరాలు మిగిలి ఉండగా, మరుగుతున్న టీ పాత్రను డాఫ్నీ చేతి మీద కుమ్మరించింది. డబ్బా కింద పడి పగిలింది. దుకాణంలో ఉన్నవాళ్ళంతా మర్యాదగా వార్తాపత్రికల్లో తలలు దూర్చేశారు.

వినిఫ్రెడ్ పట్టుకున్న ట్రే కింద తుపాకీ చూసి డాఫ్నీ పళ్ళు కొరుక్కుంది. తోలు ఊడిన చేతిని ఒళ్ళో దాచుకుంది. "ఏ వాక్యం తప్పానేంటి?"

"ఒక్కటీ తప్పలేదు. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళెవరికీ అంత చక్కగా రాదు తల్లీ. ఇక లే. కింద గదిలో కుర్చీ ఖాళీ అయింది."

రూపర్ట్ సరిహద్దు దాటాడన్న కబురు చీకటి పడకముందే వచ్చింది. సర్ మార్టిమర్ కొడుకు కోసం ఒక గుక్క విస్కీ తాగి, కాగితం ముందుకు లాక్కున్నాడు.

"సెడ్రిక్ తల్లికి రాయాలి."

"ఏమని?"

"విచారకరమైన పొరపాటు జరిగింది అని."

"దానంతటదే జరిగిందా?"

వినిఫ్రెడ్ కాగితం తీసేసి, టెలిఫోను ఆయన ముందుకు జరిపి, నంబరు తనే తిప్పింది. సెడ్రిక్ ఆఫీసు నుంచి అనగానే యార్క్‌షైర్‌లోని అతని తల్లి ముసలి గొంతు పలికింది.

"మావాడు ఏం చేశాడండీ?"

సర్ మార్టిమర్ తలుపు వైపు చూశాడు. కోడలు తలుపుకు అడ్డంగా నిలబడే ఉంది.

"ఏమీ చేయలేదమ్మా," అన్నాడు చివరికి. "నేనే పొరబడ్డాను. నా పొరపాటుకు మీ అబ్బాయిని చంపుకున్నాం."