చిక్కుడు పాదు మీద పందెం

"నాన్నా, పాదుకి పురుగుమందు కొట్టనని మాటిచ్చావు. గుర్తుందిగా?" చెప్పులేసుకుంటూ అడిగింది కూతురు.

"ఉందమ్మా టీచరమ్మా! నూటొక్కసారి చెప్పావు. ఇక బయల్దేరు, నీ బడి పిల్లలు గోడలెక్కుతుంటారు."

కూతురు నవ్వుతూ వెళ్ళిపోయింది. పెద్దాయన కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి నడిచాడు. ముప్ఫై ఏళ్ళు వీపున పంపు తగిలించుకుని ఊళ్ళోవాళ్ళ తోటలన్నిటికీ పురుగుమందు కొట్టిన మనిషి. వీధిలో అందరికీ ఆయన 'పంపు పెద్దాయన'. ఆరు నెలల కిందట దగ్గు పట్టుకుంటే డాక్టరు గుండెల మీద గొట్టం పెట్టి చూసి, ఆ పంపు ఇక దించెయ్యమన్నాడు. "దగ్గు ఎవరికి రాదండీ?" అన్నాడే గానీ ఈయన దించితేనా!

అప్పుడు కూతురు పందెం వేసింది. "పెరట్లో చిక్కుడు పాదు పెడతాను. చుక్క మందు లేకుండా కాపుకొస్తే నువ్వు పంపు మానెయ్యాలి. రాకపోతే నీ ఇష్టం, మళ్ళీ నోరెత్తను."

ఇదేం పందెమని పెద్దాయన మీసాల్లో నవ్వుకున్నాడు. మందు లేకుండా చిక్కుడా? ఆయన అనుకున్నట్టే అయింది. పూత పట్టే వేళకి పాదు నిండా రసం పీల్చే పేనుబంక! లేత తీగలు నల్లగా అయిపోయాయి, ఆకులు ముడుచుకుపోయాయి. పైగా సోమవారం నుంచి మందు కొట్టడానికి రమ్మని ఒక తోటాయన రోజూ ఫోను చేస్తున్నాడు. చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, పందెం గెలిచినట్టే.

కానీ కూర్చోలేకపోయాడు. పిల్ల రెండు పూటలా నీళ్ళు పోసి, తీగ తీగకీ తాడు కట్టి పెంచుకున్న పాదు అది. కళ్ళజోడు సర్దుకుని దగ్గరగా చూశాడు. ఆకుల మీద నల్లటి పురుగులు పాకుతున్నాయి. ఒళ్ళంతా ముళ్ళు, వీపున నారింజ మచ్చలు, అచ్చం మొసలి పిల్లల్లా ఉన్నాయి.

"ఓహో, పేనుబంక చాలదని మీరు కూడానా నా కూతురి పాదు నాకేస్తున్నది!"

మందు కొట్టనన్నాడు గానీ చేత్తో ఏరనని అనలేదుగా! ముక్కాలిపీట వేసుకుని ఒక్కొక్క పురుగునీ ఏరి డబ్బాలో వేశాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి, నడుము పట్టేసింది. భార్య భోజనానికి రెండుసార్లు పిలిచినా కదల్లేదు. మధ్యాహ్నానికి డబ్బా నిండింది. సబ్బు నీళ్ళ బకెట్టు తెచ్చి, డబ్బా వంచబోతుండగా కూతురు వచ్చింది. శనివారం, ఒంటిపూట బడి.

"నాన్నా, ఆగు!"

ఆ కేకకి భార్య గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. కూతురు డబ్బా లాక్కుని చూసి నెత్తి పట్టుకుంది.

"ఎంత పని చేశావు నాన్నా! ఎర్ర వీపు మీద నల్ల చుక్కలుంటాయే, ఆ అక్షింతల పురుగుల పిల్లలు ఇవి! పేనుబంకని తినేవే ఇవి! వీటి కోసం పదిహేను రోజులుగా ఎదురుచూస్తున్నాను. పందెం గెలవడానికి ఇంత పని చేస్తావా?"

"గెలవడానికా?" పెద్దాయనకి కోపం నషాళానికంటింది. "గెలవాలనుకుంటే పీట మీద కూర్చుని కాఫీ తాగుతూ చూసేవాణ్ణి కాదూ? నీ పాదు చచ్చిపోతుంటే చూడలేక, నువ్వే గెలవాలని, పొద్దుట్నుంచీ ఏరుతున్నానే!"

కూతురు ఆయన చేతుల వంక చూసింది. తండ్రి వేళ్ళు ఆకుల జిగురుతో నల్లబడి ఉన్నాయి. పట్టేసిన మోకాలు చాచుకుని ఆయన గోడకి ఆనుకున్నాడు.

"అయ్యో రాత! తండ్రి ఓడిపోవాలని చూస్తాడు, కూతురు కేకలేస్తుంది! ముందు వాటినెక్కడివక్కడ పెట్టండి, అన్నం చల్లారిపోతోంది," అంది భార్య.

ముగ్గురూ కూర్చుని పురుగుల్ని మళ్ళీ ఆకుల మీద వదిలారు. పెద్దాయన కళ్ళ ముందే ఒకటి పేనుబంకని పట్టుకుని నమిలేసింది. తర్వాత ఇంకోదాన్ని. ఆయన పీట దగ్గరికి జరుపుకుని వంగి చూశాడు.

"ముప్ఫై ఏళ్ళలో ఏ పురుగునీ నువ్వెవరని అడగలేదే తల్లీ. పాకితే చాలు, మందు కొట్టాను. దొంగతో పాటు కాపలావాణ్ణీ చంపేశాను."

అంతలో తోటాయన ఫోను.

"పంపు పట్టుకుని రాను బాబూ. భూతద్దం పట్టుకుని వస్తాను, పనికొస్తానంటే చెప్పు," అన్నాడు పెద్దాయన.

"పందెం ఇంకా తేలలేదుగా నాన్నా?" ఆశగా అడిగింది కూతురు.

"తేలక్కర్లేదు. పంపు దించేశాను."

కూతురు కళ్ళ నీళ్ళతో దగ్గరికొచ్చి తండ్రి భుజం మీద తల వాల్చబోయింది. ఆయన ఠక్కున వెనక్కి జరిగాడు.

"ఉండు తల్లీ, స్నానం చెయ్యలేదు..."

ఇన్నేళ్ళూ అంతే. పని నుంచి రాగానే పిల్ల ఎదురు పరిగెత్తుకొచ్చేది, ఈయన ఆమడ దూరంలో ఆపేవాడు. ఒళ్ళంతా మందు. స్నానం చేసి వచ్చేసరికి పిల్ల నిద్రపోయి ఉండేది.

"మందు ఎక్కడుంది నాన్నా?" అంది కూతురు.

పెద్దాయన తన చొక్కా వంక చూసుకున్నాడు. వాసన చూసుకున్నాడు. చిక్కుడాకు వాసన తప్ప ఇంకేమీ లేదు. రెండు చేతులూ చాచి, "రా తల్లీ," అన్నాడు.