పుర్రచేతి పువ్వులు

చదివేవారు ముందుగా నన్ను మన్నించాలి. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో ఇప్పటికీ తడబడతాను. ఒక కాగితం నిండడానికి నాకు ఒక పూట పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. మనుషుల్ని మాత్రం దిద్దకండి, వాళ్ళు అలాగే ఉండేవారు.

మలికిపురానికి దగ్గర్లో ఒక ఊళ్ళో సూర్యనారాయణగారిది పెద్ద ఇల్లు. ఇల్లే పెద్దది. వాళ్ళ తాతగారు ముప్పై ఎకరాలు సంపాదించారు. తండ్రిగారు సగం అమ్మారు. మిగిలింది కౌలుకిచ్చేసి, తెల్ల పంచె కట్టుకుని సూర్యనారాయణగారు అరుగు మీద కూర్చున్నారు. అదే ఆయన ఉద్యోగం. పొద్దున్న కాఫీ, ఆ తరువాత పేపరు, ఆ తరువాత పేపర్లో ఉన్నవాళ్ళని తిట్టడం, మధ్యాహ్నం నుంచి పేకాట. కొడుకు కనకరాజు తండ్రి దగ్గర అన్నీ నేర్చుకున్నాడు, తిట్టడం తప్ప. దానికైనా కొంచెం ఓపిక కావాలి కదా.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం, వానలు మొదలైన రోజులు. ఆ పొద్దున కోడలు వెంకటలక్ష్మి వంట ముగించి, క్యారేజీ పట్టుకుని వీధిలోకి వచ్చింది.

“ఏవండీ కలెక్టరుగారూ, కచేరీకి బయల్దేరేరా?” అన్నారు మామగారు పేపరు దించకుండానే.

“ఆయ్, మావయ్యగారండి. అన్నం వార్చేసేనండి. పులుసు పొయ్యి మీదుందండి.”

“విన్నావుటే వీరాయమ్మా! మన కోడలు కూలికెళ్తోంది. మనం పులుసు పోసుకు తినాలంట. మా తాతగారు బతికుంటే ఈ అరుగు మీదే గుండాగి పోయేవారు.”

వంటింట్లోంచి అత్తగారు వీరాయమ్మ గొంతు వినిపించింది. “తిరిగొచ్చి తిన్నగా లోపలికి రాకు. నూతి దగ్గర కాళ్ళు కడుక్కో. ఆ పేటవాళ్ళ గాలంతా నా ఇంట్లోకి మొయ్యకు.”

“ఆయ్, అత్తయ్యగారండి.”

ఆ చుట్టుపక్కల ఆడవాళ్ళకి లేసు పని కొత్త కాదు. దళారి మనిషి ఇంటింటికీ దారపు ఉండలు ఇచ్చి వెళ్ళేవాడు. ఆడవాళ్ళు గదిలో కూర్చుని కొక్కెం సూదితో పువ్వులు అల్లేవారు. అతను వచ్చి పట్టుకుపోయేవాడు. ఎక్కడికో, ఎందుకో అల్లినవాళ్ళకి తెలిసేది కాదు. బడిపంతులమ్మగా చేసి మానేసిన జయమ్మగారు దాన్ని మార్చారు. ఊరవతల పేటలో ఆడవాళ్ళందరినీ కూడగట్టి, పాత బియ్యపు మిల్లు గోదాం అద్దెకి తీసుకున్నారు. పువ్వులు ఎవరింట్లో వాళ్ళు అల్లుకుని తెస్తారు. షెడ్డులో నలుగురైదుగురు కూర్చుని వాటిని అతుకుతారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని; ఆ ఇంటి సంగతులు వెంకటలక్ష్మి చెప్పగా విన్నవే. తయారైనది తిన్నగా పట్నం కొట్టుకి పోతుంది.

వెంకటలక్ష్మి అక్కడికి మొదటిసారి దిండు గలీబుకి లేసు అంచు కొనుక్కోడానికి వెళ్ళింది. జయమ్మగారు రెండు పువ్వులు ఆమె చేతిలో పెట్టి, “ఈ రెంటిలో ఏది బిగువో నువ్వు చెప్పు” అన్నారు. అని ఊరుకోలేదు, జవాబు కోసం ఆగారు. కాపరానికి వచ్చిన ఎనిమిదేళ్ళలో, ఈ పూట కూరేమిటని తప్ప ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. అడిగి ఆగినవాళ్ళు అసలే లేరు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది.

అతికే పని చూడ్డానికి తేలిక. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా నడుస్తుంది. ఒకరిది బిగువు, ఒకరిది వదులు. తెలియకుండా కలిపితే ఉతికిన రోజున గుడ్డ ముడుచుకుపోతుంది. వెంకటలక్ష్మి ఆరు నెలల్లో పువ్వు పట్టుకుని మనిషి పేరు చెప్పే స్థితికి వచ్చింది. “ఇది పుష్పలతది, మొగుడితో దెబ్బలాడిన రోజున అల్లింది” అంటే షెడ్డంతా నవ్వేది. పుష్పలత అందరికన్నా గట్టిగా నవ్వేది.

ఆ రోజు పాపాయమ్మ మూట మొదటిసారి వెంకటలక్ష్మి వంతుకి వచ్చింది, విప్పింది. పాపాయమ్మ ఒకప్పుడు సూర్యనారాయణగారి పొలంలో ఊడ్పులు ఊడ్చిన మనిషి. పువ్వులన్నీ సన్నగా, సమానంగా ఉన్నాయి. రేకులు మాత్రం అందరి పువ్వుల్లాగా కాకుండా ఎదురు దిక్కుకి తిరిగి ఉన్నాయి. పుర్రచేత్తో, అంటే ఎడమచేత్తో, అల్లితే తప్ప అలా రావు. పాపాయమ్మది కుడిచేతివాటం. పైగా పదేళ్ళుగా ఆమెకి అన్నంలో రాయి కూడా కనపడదు.

ఎడమచేత్తో ముగ్గు పెట్టేది, ఎడమచేత్తో కూర తరిగేది, వెంకటలక్ష్మికి తెలిసిన మనిషి ఒక్కతే ఉంది. అన్నం తినడమొక్కటే ఆవిడ కుడిచేత్తో చేస్తుంది.

మధ్యాహ్నం అందరూ గుండ్రంగా కూర్చుని కూరలు పంచుకుని తింటుంటే, ఆమె పాపాయమ్మ పక్కకి జరిగింది. “ఇవి మా అత్తగారివి కదూ?”

పాపాయమ్మ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. “నోరెత్తకమ్మా, నీకు దణ్ణం పెడతాను. అయ్యగారికి తెలిస్తే ఆవిణ్ణి బతకనివ్వరు.”

“ఎన్నాళ్ళనించి?”

“మీ ఆయన పుట్టినకాడ్నించి. ఆవిడ పుట్టింట్లో నేర్చుకుందంట. ఆ ఇంట ఆడది సూది పట్టుకుంటే, మొగుడు తిండి పెట్టట్లేదని ఊరంతా అనుకుంటారని అయ్యగారు ఆ సూది నూతిలో పారేసేరు. పెరటి గుమ్మంలోంచి నేను దారం ఇస్తాను, పువ్వులు తెచ్చుకుంటాను. కూలి ఒద్దంటది. నన్నే ఉంచుకోమంటది. దాంతోనే మా నతానియేలు చదువుకున్నాడు. ఇప్పుడు మాస్టారు.”

పాపాయమ్మ కొడుకుని మాస్టారుని చేసిన ఆ పువ్వుల్ని వీరాయమ్మ అల్లుతున్న రోజుల్లోనే, వీరాయమ్మ కొడుకు పదో తరగతి మూడుసార్లు తప్పాడు.

వెంకటలక్ష్మికి జాలి కలగలేదు. ఒళ్ళు మండింది. వీళ్ళ పేరు మీద బతుకుతూ వీళ్ళ గాలి తగలకూడదంటుందా ఆవిడ? ఆ మంటలోనే మిగిలిన మూట చంకన పెట్టుకుని సాయంత్రం ఇంటికి వచ్చింది. ఆ అతుకులు మర్నాటికి కావాలి.

అరుగు మీద మామగారు నిలబడి ఉన్నారు. ఆయన నిలబడ్డారంటేనే ఏదో మునిగిందని లెక్క. కనకరాజు స్తంభానికి ఆనుకుని దూలాలు చూస్తున్నాడు.

“ఆ పాపాయమ్మ గిన్నెలోంచి కూరేసుకు తిన్నావుట. పేకాటలో నలుగురి ముందు చెప్పేడు నూకరాజు. నా చేతిలో ముక్కలు జారిపోయేయి.”

“వంకాయ కూరండి. బాగుందండి.”

“మళ్ళీ రుచి చెబుతోంది! రేపట్నించి గడప దాటేవంటే నీ దారి మీ పుట్టింటికే. ఒరేయ్ కనకరాజూ, చెప్పరా దానికి.”

కనకరాజు దూలాల దగ్గర్నుంచి చూపు దించలేదు. “నాన్నగారు చెప్పేరు కదా, లక్ష్మీ.”

“ఆయన చెప్పింది విన్నానండి. మీరు చెప్పేదేవిటండి?” అంది వెంకటలక్ష్మి. కనకరాజు ఇంకో దూలానికి చూపు మార్చాడు.

సూర్యనారాయణగారు ఆ మూట లాక్కుని అరుగు మీద దులిపారు. తెల్లటి పువ్వులు చెల్లాచెదురయ్యాయి. “ఇదీ! ఈ ముష్టి పని! మన వంశంలో ఏ ఆడదైనా ఇది ముట్టుకుందా?” అని ఒక పువ్వు మీద కాలు వేశారు.

వెంకటలక్ష్మి గుమ్మంలో ఉన్న అత్తగారి వైపు చూసింది. ఒక్క మాట అంటే చాలు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. ఆవిడ ముఖం చూసి మింగేసింది.

“కాలు తియ్యండి,” అంది వీరాయమ్మ.

“ఏవిటీ?”

“కాలు తియ్యండంటున్నాను. అది నేను అల్లింది.”

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. ఆవిడ వంగి, పాదం పక్కకి తోసి, పువ్వు తీసి కొంగుతో తుడిచింది. “మీరు ఇక్కడ ముక్కలు పంచుతున్నంతసేపూ నేను లోపల ఇవే అల్లేను. ఇరవై ఏడేళ్ళు. మీ ఆటలోంచి ఒక్కటైనా మిగిలిందాండీ?”

“డబ్బులేం చేసేవు?” ఆయనకి మొదట తోచింది అదే.

“తీసుకోలేదు.”

“ఉత్తినే చేసేవా? మతిలేని ముండా, మరెందుకే?”

“వండింది మీరు తినేస్తారు. తోమింది మళ్ళీ మాసిపోతుంది. పువ్వొకటి అయితే, ఈవేళ నేనొక పని చేసేనని ఉండేది. అంతే.”

వెంకటలక్ష్మి ఊరుకోలేకపోయింది. “మరి నా చేత రోజూ కాళ్ళెందుకు కడిగించేరండి?”

వీరాయమ్మ ఆ పువ్వు రేకులు సరిచేసింది. “కుళ్ళమ్మా. నువ్వు వీధి గుమ్మంలోంచి నడిచి వెళ్ళేదానివి. నేను పెరటి గుమ్మంలోంచి దొంగతనంగా పంపేదాన్ని. నీ కాళ్ళు చూస్తే నాకు ఒళ్ళు మండేది.”

“ఇద్దరూ ఇద్దరే!” అని అరిచారు సూర్యనారాయణగారు. “రేపు ఇద్దరికీ అన్నం లేదు ఈ ఇంట్లో!”

“వండేది మేవేకదండి,” అంది వీరాయమ్మ.

కనకరాజు వంగి, మిగిలిన పువ్వులు ఏరి మూట కట్టి భార్య చేతికిచ్చాడు. పెళ్ళయ్యాక అతను చేసిన మొదటి పని అదే. గొప్ప చేసి చెప్పను గాని, లెక్కలోంచి తీసెయ్యను కూడా.

మర్నాడు తొమ్మిది గంటలకి, ఊరంతా చూస్తుండగా, అత్తాకోడళ్ళిద్దరూ నడివీధిలో నడిచి వెళ్ళారు. షెడ్డు గుమ్మంలో వీరాయమ్మ ఆగి కొంగు సర్దుకుంది. పాపాయమ్మ అలవాటుకొద్దీ చటుక్కున లేచి నిలబడింది.

“కూర్చోవే,” అంది వీరాయమ్మ. “ఇన్నేళ్ళు నీ పేరు మీద బతికినదాన్ని. నన్ను చూసి నువ్వు లేస్తావేంటి?” అని అదే చాప మీద, ఆమె భుజానికి భుజం తగిలేలా కూర్చుంది.

జయమ్మగారు బల్ల మీద తయారైన మంచం దుప్పటి పరిచి ఉంచారు. వందల పువ్వులు, ముప్పైమంది చేతులు. వీరాయమ్మ దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి చూసింది. చివర కనపడక లేచి మళ్ళీ చూసింది.

“ఇంత అవుతుందా!” అంది. “నేను విడివిడిగా ఏ పెట్టెలోనో పారేస్తారనుకున్నాను. అడగడానిక్కూడా సిగ్గుపడి చచ్చేను.” కళ్ళమ్మట నీళ్ళు దుప్పటి మీద పడబోతే జయమ్మగారు, “అమ్మగారూ, గంజి పెట్టిన గుడ్డండి, తడపకండి,” అన్నారు. షెడ్డంతా ఘొల్లున నవ్వింది.

వీరాయమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కనున్న పుష్పలత ఒళ్ళోంచి పువ్వు తీసి వెలుతురుకి ఎత్తి చూసింది.

“ఇదేం అల్లికమ్మా? జల్లెడలా ఉంది. ఇప్పు. మళ్ళీ మొదలుపెట్టు.”

పుష్పలత మూతి ముడిచి, విప్పడం మొదలుపెట్టింది.

— మట్టా కనకరత్నం, వయసు డెబ్బై ఒకటి. ఇప్పుడు కొత్తపేటలో చిన్నకూతురి ఇంట్లో ఉంటున్నాను.